మూడో కమాను దగ్గరి సీసపు గుండు

మా ఊరి గనుల విశ్వవిద్యాలయం వాళ్ళు తమ ఐస్ హాకీ ఆటశాల చరిత్రను పుస్తకంగా వేశారు. పాతదాని గురించి చివర ఒకే వాక్యం ఉంది: "1971 ఫిబ్రవరిలో మంచు బరువుకు కప్పు కూలింది, ఎవరికీ ఏమీ కాలేదు." ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఏమీ కాలేదన్న మాట చదివితే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

మొదట్లో విద్యార్థులు గడ్డకట్టిన సరస్సు మీదే ఆడేవారట. మంచు విరిగి ఒకతను మునిగిపోయాక, 1927లో గట్టున చెక్క ఆటశాల కట్టారు. మా నాన్న విల్హో అందులో వడ్రంగి. ఏడు కమానులు, వాటి మీద రేకుల కప్పు. మూడో కమాను స్తంభం పైనుంచి నాన్న దారంతో సీసపు గుండు వేలాడదీసి, దాని మొన ఉన్నచోట స్తంభం మీద మేకుతో గీత గీశాడు. "మొన గీత దాటిందంటే స్తంభం ఒరుగుతున్నట్టే. కోటు కోసం కూడా ఆగకూడదు, హిల్యా" అనేవాడు. కప్పు మీద మంచు తీసేవాళ్ళకు ఇంకో కట్టుబాటు పెట్టాడు. రెండు వాలుల మీదా ఒకేసారి ఎక్కాలి, ఒకేసారి పార వేయాలి. ఒక పక్కే తీస్తే, రెండో పక్క బరువు కమానును తోసేస్తుంది.

నాన్న పోయాక జనం ఆ దారానికి టోపీలు తగిలించేవారు. నేను మాత్రం ప్రతి ఆటకూ ముందు గుండు చూసుకునేదాన్ని. నా కొడుకు రేనో గోల్ కాసేది సరిగ్గా ఆ కమాను కిందే.

ఆ శనివారం మధ్యాహ్నం పోటీకి పెద్దలు వస్తున్నారు. వాళ్ళ నెత్తిన మంచు జారిపడకుండా విద్యార్థులు ద్వారం ఉన్న వైపు వాలును శుభ్రంగా గీకేశారు. వెనక వైపుది ఆట అయ్యాక చూడొచ్చనుకున్నారు. అక్కడ రొమ్మెత్తు మంచు ఉండడం నేను వస్తూ చూశాను.

లోపలికి వెళ్ళి దారానికున్న టోపీ తీశాను. మొన గీతకు రెండు వేళ్ళ అవతల ఉంది.

ఆటశాల కాపలాదారు ఎస్కోలా నాన్నకు స్నేహితుడు. కాఫీ పోసుకుంటున్నాడు.

"బాబాయ్, గుండు జరిగింది."

"మొదలెట్టావా తల్లీ! కిందటేడు మంచు పగిలి పిల్లలు మునిగిపోతారన్నావు. కింద ఉన్నది సిమెంటే అంటే వినవే!"

"నవ్వు, నవ్వు. ముందొచ్చి చూడు."

"నీ భయాల వెంట తిరగడానికి నాకు విడిగా జీతమివ్వాలి."

నవ్వుతూనే వచ్చాడు. చూశాడు. కాఫీ ఒలికి బూట్ల మీద పడినా కదల్లేదు.

"అరవకు" అన్నాడు మెల్లగా. "ద్వారం ఒక్కటే. ఎనిమిది వందల మంది. తొక్కుకుని చస్తారు."

వెళ్ళి మైకు పట్టుకున్నాడు. "మంచు గడ్డకట్టించే యంత్రం మొరాయించింది, ఆడే మంచు మెత్తబడింది. అరగంట ఆట ఆపుతున్నాం. ఎదురుగా భోజనశాలలో కాఫీ, తీపి రొట్టె ఊరికే!"

"ఎస్కోలా ఊరికే పెడుతున్నాడా? ప్రపంచం మునిగిపోతోందిరోయ్!" అని ఎవరో అరిచారు. అంతా నవ్వారు. నాన్న మాట నా చెవుల్లో మోగుతుంటే, వాళ్ళు తీరిగ్గా కోటు గుండీలు పెట్టుకుంటున్నారు. నేను ద్వారం దగ్గర నిలబడి ఒక్కొక్క ముఖమే వెతికాను. ఆటగాళ్ళూ వచ్చేశారు. రేనో రాలేదు.

దుస్తుల గదికి పరుగెత్తాను. కాళ్ళకు కట్టుకున్న మెత్తలు విప్పేసి, స్కేట్ల తాళ్ళు ఒక్కొక్కటే వదులు చేసుకుంటున్నాడు.

"ఇక్కడికొచ్చావేంటమ్మా? వాళ్ళంతా నన్ను ఏడిపిస్తారు."

"ఏడిపించనీ. లే."

"ఈ రెండోది విప్పనీ..."

పైన శబ్దం వచ్చింది, వసంతంలో సరస్సు మంచు నిలువునా చీలినట్టు. వాడు తలెత్తి నా వైపు చూశాడు. చిన్నప్పటి నుంచీ వాడు ఎగతాళి చేసిన నా భయమే మొదటిసారి వాడి ముఖంలో కనిపించింది. స్కేటు లాగి పారేసి లేచాడు. చొక్కా చెయ్యి పట్టుకుని ఈడ్చుకొచ్చాను.

మేం రోడ్డు దాటామో లేదో, మూడో కమాను ఒరిగింది. తర్వాత నాలుగోది. తర్వాత లెక్కపెట్టలేకపోయాను. మంచుపొడి లేచి ఆకాశం కనిపించలేదు. ఎస్కోలా గొంతు పోయేలా ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు, అందరూ పలికారు.

రేనో మేజోళ్ళతో మంచులో నిలబడి ఉన్నాడు.

"నీ బూట్లేవిరా? జ్వరం రాదూ!" అన్నాను. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"లోపలున్నాయమ్మా" అన్నాడు.

అక్కడ లోపలంటూ ఏదీ మిగల్లేదు.