రెజెక్ గాజు గోడ

మా ఊరి శ్మశానం పక్కన పోయినవాళ్ళకు వీడ్కోలు చెప్పే హాలు ఒకటుంది. తాళాలు నా దగ్గరే ఉంటాయి. శవపేటిక లోపలికి తేవడం, కొవ్వొత్తులు వెలిగించడం, చెప్పిన పాట పెట్టడం నా పని.

ఆ హాలు ప్లాను గీసిన ఆర్కిటెక్టు పేరు ఒతకార్ రెజెక్. మా దేశంలోకి రష్యావాళ్ళ ట్యాంకులు వచ్చినప్పుడు, అది మంచికేనని పెట్టమన్న చోట సంతకం పెట్టలేదని, ఆయన్ని పశువుల కొట్టాలూ బంగాళాదుంపల గోదాములూ గీసే ఆఫీసులో కూర్చోబెట్టారు. చచ్చినవాళ్ళ పని ఎవరికీ అక్కర్లేక ఈ హాలు ఆయన చేతికి వచ్చింది. తన మనసులో ఉన్నట్టు కట్టింది జీవితం మొత్తానికి ఇదొక్కటే.

మిగతా ఊళ్ళలో పాట అయిపోగానే పేటిక ముందు తెర మూసుకుంటుంది. రెజెక్ తెర పెట్టనన్నాడు. పేటిక వెనక నేల నుంచి కప్పు దాకా గాజు బిగించాడు. అవతల తెల్ల బెరడు బిర్చ్ చెట్ల తోపు. పోయినవాళ్ళను దాచెయ్యకూడదు, మనమే లేచి వెళ్ళాలి, వాళ్ళు చెట్లకేసి చూస్తూ ఉంటారు అనేవాడు.

కొన్నాళ్ళు అలాగే నడిచింది. తర్వాత కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పోయాడు. మా సహకార వ్యవసాయ క్షేత్రం వాళ్ళందర్నీ బస్సెక్కించి తీసుకొచ్చారు. ఉపన్యాసం సాగుతుండగా తోపులోంచి ఒక జింక వచ్చి, గాజుకు ముక్కు ఆనించి లోపలికి చూసింది. ఊపిరికి గాజు మసకేసింది. నా పక్కన కూర్చున్న మటౌష్, సమాధి రాళ్ళు చెక్కేవాడు, "హమ్మయ్య, ఒక్కరైనా పిలవకుండా వచ్చారు" అన్నాడు. వరుస వెంట వరుస నవ్వింది.

ఆ నెల తిరక్కుండానే పార్టీవాళ్ళ ఉత్తర్వుతో గాజుకు అడ్డంగా ఊదారంగు మఖమలు తెర పడింది. ఏళ్ళు గడిచి పార్టీ రాజ్యం పోయింది గాని తెర పోలేదు. తెర తీయించమని వచ్చిన ప్రతి మేయరు దగ్గరికీ రెజెక్ వెళ్ళేవాడు. కాఫీ ఇచ్చి పంపేవాళ్ళు.

ఈమధ్య హాలుకు వచ్చేవాళ్ళే తక్కువ. తంతు వద్దని రాసి నేరుగా దహనశాలకు పంపేస్తున్నారు. బూడిద తెచ్చుకునేవాళ్ళు తెచ్చుకుంటారు, లేకపోతే అదీ లేదు.

అక్టోబరులో ఆయన భార్య లిబూషె పోయింది. మర్నాడు రెజెక్ బస్సు దిగి, నల్ల కోటుతో కొండెక్కి వచ్చాడు.

"కుబాట్ గారూ, శుక్రవారం లిబూషెను తెస్తాం. ఆ తెర దించండి."

"మేయరు ఆఫీసులో అడగాలి, ఆర్కిటెక్టు గారూ."

"వాళ్ళను అడిగీ అడిగీ ముసలాణ్ణయ్యాను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను."

నిచ్చెన తెచ్చాను. నేను కొక్కేలు విప్పుతుంటే ఆయన కింద నుంచుని ఆ బరువంతా చేతుల్లోకి తీసుకున్నాడు. దుమ్ముకు ఇద్దరం దగ్గాం. గాజు నిండా బూజు, ఎండిన ఈగలు. ఆయన కోటు విప్పి, నీళ్ళలో వెనిగర్ కలిపి, గుడ్డ పట్టుకున్నాడు.

మటౌష్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏం కుబాట్, చేపల తొట్టి కడుగుతున్నావా? ఎవర్ని ఈదిస్తావు?" అంటూ లోపలికి వచ్చి, రెజెక్‌ను చూసి టోపీ తీశాడు. రెండో గుడ్డ తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి గాజు తేటపడింది. తోపంతా పండుటాకులు. ఆ పసుపు వెలుతురు కుర్చీల మీదికీ గోడల మీదికీ వచ్చింది. రెజెక్ పేటిక పెట్టే దిమ్మె దగ్గరికి వెళ్ళి, దాన్ని అరచేత్తో తుడిచాడు.

"తల ఇటు పెట్టండి. కిటికీ దగ్గర కూర్చోవడం ఆవిడకిష్టం."

అప్పుడే కూతురు ఇవోనా వచ్చింది. కారు తాళాలు చేతిలోనే ఉన్నాయి.

"నాన్నా, ఊరంతా వెతుకుతున్నాను. శుక్రవారం ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేమిటి?"

"అమ్మ తంతు వద్దంది. పొద్దున్నే దహనశాలకు తీసుకెళ్ళారు. రాత్రి నీకు చెబుదామనుకున్నాను, నోరు రాలేదు."

"జనం వద్దనేది ఆ తెర చూసి, ఇవోనా. ఇప్పుడు తీసేశాంగా."

"నేనూ అన్నాను, నాన్న హాలుంది కదమ్మా అని." ఆమె మటౌష్‌వైపూ నావైపూ చూసింది. మేం బయటికి వెళ్ళబోతే ఆయనే ఆగమన్నాడు.

"చెప్పు."

"ఇన్నేళ్ళూ భోజనాల బల్ల మీద ఆ హాలు నక్షాల పక్కనే సూపు తాగాను, ఇక చాలు, దాన్లో పడుకోను అంది."

"కోపంలో అనుంటుంది."

"లేదు నాన్నా. బంగాళాదుంపలు చెక్కుతీస్తూ అంది."

ఆయన ముందు వరుసలో కూర్చున్నాడు. మటౌష్ బకెట్ ఎత్తుకుని బయటికి నడిచాడు. రెజెక్ నావైపు తిరిగాడు.

"కుబాట్ గారూ, మిమ్మల్ని ఇక్కడికే తెస్తారుగా?"

అవునంటే సరిపోయేది. ఆ ముఖం చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను.

"మావాళ్ళు తెస్తామనే అంటారు. నేనే వద్దన్నాను. ఖాళీ కుర్చీలు చూసీ చూసీ."

ఆయన తలూపాడు, ఏదో కొలత సరిచూసుకున్నట్టు. ఇవోనా ఆయనకు కోటు తొడిగింది. గుండీలు ఆమే పెట్టింది. చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే గుమ్మం దాకా నేల చూస్తూనే వెళ్ళాడు.

కారు కొండ దిగింది. తాళం వేసేముందు లైటు ఆర్పబోయాను. చెయ్యి స్విచ్ మీద పడ్డాక చూశాను, లైటు వేసి లేదు. ఆ వెలుతురంతా గాజులోంచి వస్తోంది.