ఇనప్పెట్టె సీను

ఆ ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకోకపోయి ఉంటే అచ్యుత్ ఆ సినిమా ముందు కూర్చునేవాడు కాదు. ఏదో ఒక పని చెప్పి బయటపడేవాడు. కానీ కాటన్‌పేటలో వాళ్ళుండే సందు పల్లంలో ఉంది. గట్టి వాన పడితే చాలు, కింది అంగళ్ళ మెట్ల దాకా నీళ్ళు నిలిచిపోతాయి. అతను చెప్పులు వేసుకుని సగం మెట్లు దిగాడు. మోకాలి లోతున పారుతున్న మురుగునీటిని చూసి మళ్ళీ పైకి వచ్చాడు.

పైన అతని భార్య స్వప్న అప్పటికే ఫోనును టీవీకి కలిపి, చాప పరుచుకుని కూర్చుంది.

స్వప్నది ధర్మవరం. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో చిన్నాన్న ఇంట్లో పిల్లలందరూ గుంపుగా చూసిన దయ్యం సినిమా అది, 'పాతగడప' రెండో భాగం. మొదటి భాగం ఆమెకు పెద్దగా గుర్తు లేదు. రెండో భాగంలో మాత్రం, చచ్చిపోయిన పిల్లవాడు మేడమీద ఇనప్పెట్టెలోంచి అరిచే సీను ఒకటుంది. అది వచ్చేసరికి తక్కిన పిల్లలు దుప్పట్లు ముసుగేసుకునేవాళ్ళు. స్వప్న కళ్ళు కూడా ఆర్పేది కాదు. ఆ అరుపును అచ్చం అలాగే అరవడం నేర్చుకుని, కరెంటు పోయినప్పుడల్లా చెల్లెళ్ళను హడలగొట్టేది. పెద్దయ్యాక ఎంత వెతికినా ఆ సినిమా దొరకలేదు. ఎవరో పాత ప్రింటును బాగుచేసి నెట్‌లో పెట్టారని మొన్ననే చెల్లెలు లింకు పంపింది.

పేరు చెప్పగానే అచ్యుత్ ముఖం బిగుసుకుంది. అంత పాత సినిమాలో ఏముంటుంది, వేరేది పెట్టమన్నాడు. స్వప్న వినలేదు. పెళ్ళయినప్పటి నుంచీ అతను దయ్యాల సినిమా ఒక్కటీ చూడనివ్వలేదనీ, ఈ ఒక్కసారికి తన మాట చెల్లాలనీ పట్టుపట్టింది. గోడకు ఆనుకుని వెల్లుల్లి వలుస్తున్న అత్తగారు ప్రేమకుమారి చేతులు ఆగాయి.

ఆమె కాసేపు కొడుకు వైపు చూసి, "పెట్టమ్మా, నేనూ చూస్తా," అంది.

వాన జల్లు పడుతోందని కిటికీలు మూసేశారు. ముందుగది ఇరుకు. ముగ్గురు కూర్చుంటే కాళ్ళు చాపుకునే చోటు ఉండదు. అచ్యుత్ మాత్రం మెట్ల వైపు తలుపు బార్లా తెరిచి, ఆ గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకున్నాడు. జల్లు అతని వీపు మీద పడుతున్నా కదల్లేదు. ఏ గదిలో ఉన్నా తలుపు తెరిచి పెట్టడం అతనికి మామూలే. స్వప్న దాన్ని చాదస్తం అనుకునేది.

సినిమా మొదట్లో ఆమెకు కొంచెం నిరాశే కలిగింది. దయ్యం గోళ్ళు అట్టముక్కల్లా ఉన్నాయి. గాల్లో లేచే కుర్చీకి కట్టిన తీగ కనబడుతోంది. ఆమె నవ్వుతూ ఏ సీను తర్వాత ఏమొస్తుందో ముందే చెబుతూ పోయింది. ముఖానికి తెల్లపిండి, కళ్ళ చుట్టూ కాటుక పూసుకున్న పిల్లవాడు మేడ మెట్ల మీద కనబడినప్పుడు మాత్రం ముందుకు జరిగింది. పేర్లలో 'మాస్టర్ చందు' అని పడిన పిల్లవాడు అతనే. ఈ పిల్లోడొక్కడే నిజంగా చేశాడని ఆమె అచ్యుత్‌తో అంది. అతను కుర్చీని ఇంకాస్త గుమ్మంలోకి జరుపుకున్నాడు.

ఇనప్పెట్టె సీను వచ్చింది. మూత పడింది. గొళ్ళెం దానంతట అదే బిగుసుకుంది. లోపలి నుంచి గుద్దుళ్ళు మొదలయ్యాయి. ఆ తర్వాత, స్వప్న కంఠతా పట్టిన ఆ అరుపు.

"ఎవరైనా తీయండి. ఎవరైనా తీయండి."

పాత అలవాటుకొద్దీ ఆమె కూడా టీవీతో గొంతు కలిపి అరిచింది. అరిచి, నవ్వుతూ వెనక్కి తిరిగింది.

అచ్యుత్ లేచి నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో తలుపు చెక్కను పట్టుకున్నాడు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. చొక్కా ముందువైపు జల్లు పడలేదు, అయినా చెమటతో తడిసిపోయింది. ఆమె భయపడి సినిమా ఆపేసింది.

ఏమైందని ఆమె అడిగేలోపే ప్రేమకుమారి మాట్లాడింది. స్వప్నతో కాదు, కొడుకుతో.

"నువ్వు అమ్మా అని కదప్పా అరిచింది. నా చెవుల్లో ఇప్పటికీ అదే ఉండాది."

"అది మొదటిసారి, అమా," అన్నాడు అచ్యుత్. "ఫోకస్ రాలేదని మళ్ళా పెట్టినారు కదా. ఇది రెండోసారిది."

స్వప్నకు విషయం అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అతనే చెప్పాడు, గుమ్మం దగ్గరే నిలబడి, ముక్కలు ముక్కలుగా. నాన్న గురప్ప బట్టల అంగడికి వచ్చే సినిమా మేనేజరు ఒకాయన పిల్లవాడి కళ్ళు బాగున్నాయని అడిగి తీసుకెళ్ళాడు. ఊరి బయట ఒక పాత బంగళాలో షూటింగు. పేరు కూడా వాళ్ళే మార్చి చందు అని పెట్టారు. పెట్టెలో కూర్చుని ఊరికే అరవాలని చెప్పారు. కానీ డైరెక్టరుకు ఆ అరుపు నచ్చలేదు. పిల్లవాడికి చెప్పకుండా బయట నిజంగానే గొళ్ళెం పెట్టించాడు. తోడు వెళ్ళిన ప్రేమకుమారి అక్కడే, కెమెరా పక్కన ఉంది. కొడుకు అమ్మా అని అరవగానే ముందుకు అడుగు వేసింది. డైరెక్టరు చెయ్యి ఎత్తాడు. ఆమె ఆగిపోయింది.

సంగతి తెలిశాక గురప్ప మండిపడ్డాడు. ఆ సినిమా మాట ఇంట్లో ఎత్తకూడదన్నాడు, అలా అయితే పిల్లవాడు మరిచిపోతాడని. ఆయన పోయాక కూడా ఆ కట్టడి అలాగే ఉండిపోయింది. ప్రేమకుమారి ఆ సినిమా ఎన్నడూ చూడలేదు. అచ్యుత్ కూడా అంతే.

తన గొంతులో ఇన్నేళ్ళు ఆటగా తిరిగిన అరుపు ఎవరిదో తెలిసేసరికి స్వప్నకు సిగ్గేసింది. రాత్రంతా లైటు వెలగాల్సిందేననీ, కిక్కిరిసిన బస్సు ఎక్కననీ అతను అన్నప్పుడల్లా తాను విసుక్కోవడం గుర్తొచ్చింది. లేచి ఎటైనా వెళ్ళాలనిపించింది. ఎటూ వెళ్ళడానికి లేదు. వెనక వంటిల్లు, దానికి అవతల గోడ. ముందు మెట్లు, వాటి కింద నీళ్ళు. మామూలు రోజుల్లో ఈ ఇంట్లో మాటామాటా పెరిగితే ఎవరో ఒకరు సందులోకి దిగిపోతారు. ఆ రోజు ఎవరికీ ఆ దారి లేదు.

"రెండోసారి నన్నెందుకు పిలవలేదప్పా?" అని ప్రేమకుమారి అడిగింది.

"పిలిచినా రావని తెలిసిపోయింది కదమా."

అతను కోపంగా అనలేదు. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట విని ఆమె ఒళ్ళోని పళ్ళెం కింద పెట్టింది. వెల్లుల్లి పొట్టు చీర నిండా అంటుకుని ఉంది.

"నేను మూత తీస్తే షాటు పాడవుతాది, మళ్ళా నిన్ను లోపల పెడతారనుకుంటి. ఒక్కసారితో అయిపోతే చాలనుకుంటి," అంది. "ఇంకోసారి పెట్టాలంటే అప్పుడు నాకు నిలబడేకి కాలేదు. బయటికి పోయి వ్యాను ఎనక నిలబడితి. చెవులు మూసుకుంటి."

"వద్దని చెప్పి నన్ను ఇంటికి పిల్చుకొని వచ్చుండొచ్చు కదా."

"వచ్చుండొచ్చు," అంది ప్రేమకుమారి.

అంతకు మించి ఆమె తన తరఫున ఏమీ చెప్పుకోలేదు. స్వప్న టీవీ కట్టేయబోయింది. అత్తగారు వద్దని చెయ్యి ఊపింది.

"ఆ సీను ఇంకోసారి పెట్టు. ఆ పొద్దు నేను ఇనలేదు, ఇప్పుడు ఇనాల."

స్వప్న తన వల్ల కాదంది. ఎందుకత్తా, ఇప్పటికి జరిగింది చాలు అని బతిమాలింది. అచ్యుత్ గుమ్మం వదిలి లోపలికి వచ్చి, ఆమె చేతిలోని ఫోను తీసుకున్నాడు. సీనును వెనక్కి జరిపి, తల్లి పక్కన చాప మీద కూర్చున్నాడు. మూత పడింది. గుద్దుళ్ళు. అరుపు. ఈసారి ఎవరూ గొంతు కలపలేదు. ప్రేమకుమారి చెవులు మూసుకోలేదు, తల కూడా తిప్పలేదు. తల్లి అతని చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో ఆగి, తన చేతిని ఒళ్ళోకే వెనక్కి తీసుకుంది.

సీను అయిపోయాక ఆమె అడిగింది. "లోపల గాలి ఆడతా ఉండెనా?"

"ఆడతా ఉండె. అడుగున బెజ్జాలు కొట్టినారు."

"వాసన ఏమన్నా?"

"కలరా ఉండల వాసన. ఇప్పటికీ పడదు నాకు."

ఈ ఇంట్లో బీరువా నిండా అవే ఉన్నాయి. ప్రేమకుమారి బీరువా వైపు చూసి, కళ్ళు దించుకుంది. కానీ అడగడం మానలేదు. చేతులు నొప్పి పుట్టాయా, బయటి మాటలు వినబడ్డాయా, తీసినప్పుడు మొదట ఎవరిని చూశావు అని ఒక్కొక్కటీ అడుగుతూ పోయింది. కొన్నిటికి అతను వెంటనే చెప్పాడు. కొన్నిటికి చాలాసేపు తల వంచుకుని ఉండిపోయాడు. అప్పుడామె తొందరపెట్టకుండా కూర్చుంది.

సినిమా తన పాటికి తాను నడుస్తోంది. స్వప్న సౌండు తగ్గించి, టీవీ కట్టేసింది. వాళ్ళిద్దరూ గమనించలేదు.

"నాకు అంతా తెలియాలప్పా," అంటోంది ప్రేమకుమారి. "పొద్దున మనం ఇంట్లోనుంచి బయల్దేరినప్పటి నుంచి చెప్పు."

అచ్యుత్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.