కత్తి పక్కన పెట్టిన ఏడు వారాలు

ఆ సెలూన్‌లో రెండు కుర్చీలు. కిటికీ వైపుది నిదానానిది, తలుపు వైపుది అతని బావమరిదిది. నిదానం అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఒక్కో గడ్డానికి ఇరవై నిమిషాలు తీసుకుంటాడని వచ్చేపోయేవాళ్లు తగిలించిన పేరు. తొందరున్నవాళ్లు తలుపు వైపు కూర్చునేవాళ్లు, తీరికున్నవాళ్లు కిటికీ వైపు. పద్దెనిమిదేళ్లుగా ఏ పేచీ లేకుండా అలాగే నడిచింది.

ఒక మంగళవారం పొద్దున డ్రాయింగ్ మాస్టారు వచ్చారు. రిటైరైన మనిషి. కుర్చీలో వెనక్కి వాలగానే కళ్లు మూసుకోవడం ఆయన అలవాటు. నిదానం నురగ పట్టించి, కత్తిలో కొత్త బ్లేడు పెట్టి, చెంపలు రెండూ పూర్తిచేసి గొంతు దగ్గరికి వచ్చాడు. ఎడంచేత్తో చర్మం లాగి పట్టుకున్నాడు. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన.

ఇప్పుడు గట్టిగా నొక్కితే?

ఎందుకొచ్చిందో తెలీదు. మాస్టారంటే కోపమా అంటే, ఆయనంత మంచి మనిషి ఆ వీధిలోనే లేడు. అయినా ఆ ఆలోచన వదల్లేదు. కత్తి కింద పెట్టి, గొంతు మీద మిగిలినదంతా మెషిన్‌తో లాగించేశాడు.

మాస్టారు లేచి గొంతు తడుముకుని, "ఏమయ్యా, ఇవాళ గరుకుగా వదిలేశావు?" అన్నారు.

"బ్లేడు సరిగ్గా లేదు మాస్టారూ" అని అబద్ధమాడాడు.

మర్నాడు ఇంకొకాయన దగ్గర మళ్లీ అదే. ఆ మర్నాడు కత్తి చేతిలోకి తీసుకోకముందే వచ్చేసింది. నేను మంచివాడిని కాదేమో, లోపల ఇంకెవడో ఉన్నాడేమో అనుకున్నాడు. శుక్రవారం మణికట్టుకి గుడ్డ చుట్టుకుని దుకాణానికి వచ్చి, "నరం పట్టేసింది, గడ్డాలు నువ్వు చూసుకో, కటింగులు నేను చూసుకుంటాను" అని బావమరిదితో చెప్పాడు.

బావమరిది మొదట్లో సరేనన్నాడు. వారాలు గడిచేకొద్దీ మొహం మాడ్చుకోవడం మొదలుపెట్టాడు. గడ్డాలకి వచ్చేవాళ్లే ఎక్కువ. పొద్దుటి నుంచీ వంగి వంగి అతని నడుం పట్టేస్తోంది, ఇటు చూస్తే కిటికీ వైపు కుర్చీ ఖాళీగా ఉంటోంది.

"బావా, నేనేం అడగకూడదనే ఉన్నాను" అన్నాడు ఒకరోజు. "కానీ నువ్వు నన్ను పొమ్మనలేక ఇలా చేస్తున్నావేమో అనిపిస్తోంది."

"ఛ, అదేం మాటరా" అన్నాడు నిదానం.

ఇంట్లో భార్య కూడా గమనిస్తూనే ఉంది. ఆదివారాలు కూరలు తరగడం అతని పని. ఏదో వంక పెట్టి తప్పించుకుంటున్నాడు. ఒకరోజు చాకు డ్రాయర్ అడుగున, తువ్వాళ్ల కింద కనిపించింది.

"మణికట్టు నొప్పన్నావు. పొద్దున నీళ్ల క్యాను ఒక్కచేత్తో ఎత్తి పెట్టావు" అంది.

నిదానం మణికట్టు మీది గుడ్డ సరిచేసుకున్నాడు.

"నాకు చెప్పకపోతే మానె. డాక్టరుకైనా చెప్పు. రేపు వెళ్తున్నావు, అంతే."

డాక్టరమ్మ గుడ్డ విప్పింది. మణికట్టు అటు తిప్పింది, ఇటు తిప్పింది, వేళ్లతో నొక్కింది. ఎక్కడా నొప్పి లేదు.

"చేతికేం కాలేదు" అంది నెమ్మదిగా. "మరి కత్తి ఎందుకు మానేశారు?"

ఆ ప్రశ్న అంత మామూలుగా అడిగేసరికి అతను మొత్తం చెప్పేశాడు. చెప్తున్నంతసేపూ నేల వైపే చూశాడు. పోలీసుల్ని పిలుస్తుందేమో అని కూడా అనుకున్నాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఎవరినైనా ఏమైనా చెయ్యాలని ఉందా మీకు?"

"లేదమ్మా. తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది."

"మా పాప చిన్నప్పుడు ఎత్తుకుని మెట్లు దిగుతుంటే, వదిలేస్తే ఏమవుతుంది అనిపించేది నాకు. ఏ తల్లికైనా అలా వదిలేయాలని ఉంటుందా? పిచ్చి ఆలోచన వచ్చిపోతుంది, అందరికీ. మీరు దాన్ని పట్టుకుని నువ్వెందుకొచ్చావని నిలదీశారు. కత్తి కూడా మానేశారు. దాంతో అదేదో నిజమేనని మీ మనసు నమ్మేసింది."

"మరి రాకుండా ఉండాలంటే?"

"రాకుండా ఉండాలని పట్టుబడితే ఇంకా ఎక్కువ వస్తుంది. రానివ్వండి. వచ్చినా మీ పని మీరు చేసుకుపొండి. ముందు ఇంట్లో చాకుతో మొదలుపెట్టండి, తర్వాత మీ గడ్డం, తర్వాత నమ్మకమున్న మనిషిది."

వారం వారం మాట్లాడటానికి, పక్కగదిలో ఇలాంటివే చూసే ఒకావిడ దగ్గరికి కూడా పంపింది.

ఆ రాత్రి భార్యకి చెప్పాడు. ఆమె లేచి వెళ్లి, డ్రాయర్ అడుగు నుంచి చాకు తీసి పొయ్యి పక్కన మామూలు చోట పెట్టింది. "ఇన్నాళ్లూ ఒక్కడివే మోశావా?" అంది. ఆదివారం అతను కూరలు తరిగాడు. ఆలోచన వచ్చింది. ముక్కలు వంకరటింకరగా వచ్చాయి. అలాగే వండేశారు.

బావమరిదికి చెప్పడమే కష్టమైంది. దుకాణం కట్టేసే వేళకి, ఊడ్చిన వెంట్రుకలు పారబోసి వచ్చాక చెప్పాడు. బావమరిది ముందు నవ్వాడు. బావ మొహం చూసి నవ్వు ఆపేశాడు. చీపురు గోడకి ఆనించి బయటికి వెళ్లిపోయాడు.

పోయింది, అనుకున్నాడు నిదానం. పద్దెనిమిదేళ్ల పొత్తు ఇవాళ్టితో సరి.

అరగంట తర్వాత బావమరిది రెండు టీలతో తిరిగొచ్చాడు. ఒకటి బావ చేతిలో పెట్టి, రెండోది తాను తాగి, కిటికీ వైపు కుర్చీలో కూర్చుని వెనక్కి వాలాడు.

"కానివ్వు" అన్నాడు.

"ఏంట్రా?"

"గడ్డం. నమ్మకమున్న మనిషిది అన్నారటగా డాక్టరమ్మ. రేపు మావిడ పుట్టింటివాళ్లు వస్తున్నారు. సగంలో ఆపి సగం మొహంతో పంపావంటే మాత్రం ఊరుకోను."

నిదానం నురగ కలిపాడు. పట్టించి కత్తి తీసుకున్నాడు. చెంపలయ్యాయి. గొంతు దగ్గరికి వచ్చేసరికి, అనుకున్నట్టే వచ్చింది. అతను కత్తి పక్కన పెట్టలేదు, పరిగెత్తించనూ లేదు. చర్మం లాగి పట్టుకుని, కింది నుంచి పైకి ఒక గీత తీశాడు. నురగ తుడిచాడు. ఇంకో గీత.

"వచ్చిందా?" అన్నాడు బావమరిది పెదాలు కదపకుండా.

"వచ్చింది. మాట్లాడకు, తెగుతుంది."

ఆ గడ్డానికి నలభై నిమిషాలు పట్టింది. అయ్యాక బావమరిది గొంతు తడుముకుని, "ఇలా చేస్తే రోజుకి నలుగురే" అన్నాడు. నిదానం సింకు దగ్గర మొహం కడుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

మర్నాటి నుంచి రోజుకొకటి, తర్వాత రెండు. ఒక గురువారం ఆ ఆలోచన బాగా ఎక్కువై, నురగ పట్టించిన మనిషిని తలుపు వైపు కుర్చీకి పంపించేశాడు. ఆ వారం పక్కగది ఆవిడకి అదే చెప్పాడు. "మళ్లీ మొదలుపెట్టారుగా?" అని మాత్రం అడిగింది ఆవిడ. పెట్టాడు, శుక్రవారమే. మూడో వారంలో డ్రాయింగ్ మాస్టారు వచ్చి, ఏమీ అడగకుండా కిటికీ వైపు కూర్చుని కళ్లు మూసుకున్నారు. గొంతు పూర్తయ్యేసరికి ఆయన సన్నగా గురక పెడుతున్నారు. లేపడానికి నిదానానికి మనసొప్పలేదు. తువ్వాలు మడిచి ఆయన తల కింద సర్దాడు.

ఒక శనివారం సాయంత్రం ఇద్దరూ తలుపులు వేస్తున్నారు.

"ఇవాళెలా ఉంది బావా?" అడిగాడు బావమరిది.

నిదానం ఆలోచించాడు. ఐదు గడ్డాలు చేశాడు. మొదటాయన దగ్గర వచ్చింది, రెండో ఆయన దగ్గర కొంచెంగా వచ్చింది. మూడో ఆయన కొత్తగా కొన్న ఇంటి గురించి, దాని కారే కప్పు గురించి ఒకటే చెప్పాడు.

"ఆ తర్వాతవాళ్ల దగ్గర వచ్చిందో రాలేదో గుర్తులేదురా" అన్నాడు, కప్పు కిందికి పాత్రలు చాలక ఆయన పక్కింట్లో బకెట్లు అరువు తెచ్చుకున్న సంగతి చెప్పడం మొదలుపెడుతూ.