ఫస్ట్ గేరులో నిలిపిన కారు

నా భార్య నాగమణి కారు మేడ్చల్‌లోని మా ఇంటి ర్యాంపు మీద, ఆమె చివరిసారి నిలిపినట్టే ఉంది. నాకు డ్రైవింగ్ రాదు. ఆమె పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బ్యాటరీ దిగిపోయింది. ఇంజిన్‌ను అప్పుడప్పుడు నడపకపోతే పాడవుతుందని మా బడిలో ఒకరు చెప్పారు. ఆమె సీట్లో నేను కూర్చోవడం గానీ, మరొకరిని కూర్చోబెట్టడం గానీ ఇష్టం లేదు. వరండాలోంచే స్టార్ట్ చేసే రిమోట్ ఉంటుందని తెలిసి అల్వాల్ నుంచి అన్వేష్‌ను పిలిపించాను. కార్లకు అలారాలు బిగించడం అతని పని.

కుడివైపు సీటు ముట్టుకోవద్దని ముందే చెప్పాను. కొత్త బ్యాటరీ పెట్టి, ఎడమ తలుపులోంచి వంగి స్టీరింగ్ కింది మూత విప్పాడు. తీగలు బయటికి వచ్చాయి. ఇది దేనికి, అది దేనికి అని అడుగుతూ పోయాను. తాళంచెవి తిప్పే చేతి పనిని ఇకపై ఒక చిన్న డబ్బా చేస్తుందట.

ఎదురింటి రుక్కమ్మ వచ్చి ర్యాంపు పక్కన నిలబడింది.

"మనిషి లేకుండనే నడుస్తదా బిడ్డా గది?"

"నడ్వది అవ్వా. జాగల్నే ఉంటది. ఎవలన్న ముడితే గట్టిగ ఒర్రుతది."

"గసొంటోడు మా ఇంట్ల ఒకడున్నడు."

అన్వేష్ నవ్వుకుంటూ తాళంచెవిని స్టార్ట్ దాకా పోనీకుండా తిప్పి, ఆపి, మళ్లీ తిప్పాడు. ఒక మీట నొక్కి పట్టుకుంటే హారన్ మోగింది. అప్పుడు రిమోట్ నొక్కమని నాకిచ్చాడు. ఇండికేటర్లు మెరిశాయి. కారు రిమోట్‌ను గుర్తుపెట్టుకుందన్నాడు. అవసరం లేకపోయినా మళ్లీ నొక్కి చూశాను.

అంతలో అతను గేరు రాడ్‌ను వేలితో కదిపి ఆగిపోయాడు.

"సార్, ఫస్ట్ గేర్ల ఉన్నది. గిట్లనే రిమోట్ కొడితే సీదా మీ వరండాలకే వస్తది."

గేరులో ఎవరు పెట్టారని అడిగాను. చివర నడిపినవాళ్లే అయి ఉంటారన్నాడు. నాగమణి ఎందుకు అలా పెట్టిందో రుక్కమ్మకు తెలుసు.

"హ్యాండ్ బ్రేకు సరిగ పట్టది సారు. ఒకపారి ఎనుకకు జారి మా గోడకు తాకింది. అప్పటిసంది గేర్ల పెట్టే దిగేది. 'సారుకు చెప్పకు అవ్వా, పరేషాన్ అయితడు' అన్నది."

నేను ఎప్పుడూ ఎడమవైపు దిగి సంచులతో లోపలికి వెళ్లేవాడిని. ఆమె వెనకాలే వచ్చేది.

అన్వేష్ బ్రేకు బిగించి, టైరు వెనక ఇటుక పెట్టాడు. తర్వాత పద్ధతి చెప్పాడు. గేరు తీసి, బ్రేకు లాగి, ఇంజిన్ స్టార్ట్ చేసి, అది నడుస్తుండగానే తాళంచెవి తీసి దిగాలి. తలుపు వేసి రిమోట్ నొక్కితే అదే ఆగుతుంది. అప్పుడే గేరులో లేదని డబ్బా నమ్ముతుంది. తలుపు మళ్లీ తీస్తే ఆ నమ్మకం పోతుంది.

"నేనే జేస్త సార్, గీ దిక్కునుంచే. మీరు కూసునుడు అవసరం లేదు."

అతని చేయి గేరు రాడ్ మీదికి పోతుంటే ఆపమన్నాను. చుట్టూ తిరిగి వచ్చి కుడి తలుపు తీసి కూర్చున్నాను. మోకాళ్లు స్టీరింగ్‌కు తగిలాయి. రాడ్ ఎటు కదపాలో అడిగితే వెనక్కి లాగమన్నాడు. గట్టిగా ఉంటుందనుకున్నాను. తేలిగ్గానే వచ్చింది.

అతను చెప్పినవన్నీ చేసి దిగాను. తాళంచెవి నా చేతిలో ఉంది, ఇంజిన్ నడుస్తోంది. రిమోట్ నొక్కితే ఆగింది. మళ్లీ నొక్కితే, లోపల ఎవరూ లేకుండా, స్టార్టయింది. రుక్కమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇక తలుపు ముట్టుకోకుంటే చాలని చెప్పి అన్వేష్ సామాను సర్దుకోసాగాడు. నేను ఇంజిన్ ఆపి తలుపు తీశాను.

"తియ్యొద్దంటి గద సార్. మళ్ల మొదటిసంది జెయ్యాలె."

తెలుసన్నాను. లోపల కూర్చుని, నాగమణి పెట్టినట్టే ఫస్ట్ గేరు ఎలా వేస్తారో చూపించమని అడిగాను.