ట్యాంకు చిన్నదన్న మాట

మార్చి పద్నాలుగు, ఆదివారం. ఆ పొద్దున ఆయన ఉడికిన గుడ్లు, కాస్త మాడిన రొట్టె తిన్నాడు. తేదీ ఇప్పటికీ గుర్తుండడానికి కారణం ఆ తిండి కాదు. తిన్న కాసేపటికే ఒక పెట్రోలు ట్యాంకు వచ్చి ఆయన గుండెల మీద కూర్చుంది.

మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే కూర్చుంది. ఆయన ఇంటి వెనక షెడ్డులో బావమరిది పాత జీపు ఇనుప స్టాండ్ల మీద నిలబడి ఉంది. ఆయన దాని వెనక భాగం కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కొత్తగా చేయించిన పెద్ద ట్యాంకును జాకీతో పైకి లేపారు. ఆయన దాన్ని రెండు చేతులా సరిగ్గా పట్టుకున్నాడు. దాన్ని మోసే పట్టీలకు బావమరిది బోల్టులు బిగించబోతే, అవి పొట్టివని తేలింది.

"అయిదు నిమిషాలు బావా. సందు చివర కొట్లో పొడుగువి తెస్తా. కదలకు."

"కదలడానికి చోటెక్కడుందిరా ఇక్కడ?"

బావమరిది వెళ్లాడు. జాకీ కూడా జీపు వయసుదే. లోపలి నూనె ఎక్కడో కారుతుంటే, అది చప్పుడు లేకుండా కుంగుతూ వచ్చింది. ట్యాంకు మెల్లగా దిగి ఆయన ఛాతీ మీద ఆగింది. ఖాళీది కాబట్టి నలిపేసే బరువేం కాదు. కానీ ఒక భుజం పక్కన స్టాండు, ఇంకో భుజం పక్కన చక్రం, పైన ఇనుము. ఆయన అడకత్తెరలో పోకచెక్కలా ఉండిపోయాడు. ముందురోజు కూతురు నేల కడిగినట్టుంది, మెడ కింద సిమెంటు శుభ్రంగా, చల్లగా తగిలింది. అదీ ఒక ఉపకారమే అనుకున్నాడు.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఊరి కింద పైపులు ఎటు పోతాయో కాగితం మీద గీయడం ఆయన పని. భార్య పోయి నాలుగేళ్లు. ఆమె తమ్ముడు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. తండ్రి వదిలివెళ్లిన ఈ జీపంటే అతనికి ప్రాణం. స్ప్రింగులు మార్చి, పెద్ద టైర్లు వేసి, నిచ్చెన లేకుండా ఎక్కలేనంత ఎత్తు చేశాడు. ఏటా ఒకటే పాట: "ఉప్పు మైదానం దాటి అవతలి సముద్రం దాకా వెళ్దాం, అందరం రండి."

దుమ్మన్నా, డేరాలో పడకన్నా ఆయనకు ఒళ్లు మంట. భార్యకూ అంతే. కానీ తమ్ముడి ముఖం చూసి ఎవరు కాదనగలరు? అందుకే ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. "రాకేంరా, వస్తాం. నీ బండి ట్యాంకు చిన్నదాయె. దారిలో ఒక్క బంకు కూడా లేదు. పెద్దది పెట్టించు, బయల్దేరదాం" అనేది. అంటూనే బల్ల కింద భర్త మోకాలు గిల్లేది. ఏళ్ల తరబడి ఆ మాటే వాళ్లిద్దరినీ కాపాడింది.

ఆమె పోయాక ఆ మాట తమ్ముడి మనసులో అక్క కోరికగా మారింది. కిందటి నెల ఇనుప రేకు మోసుకొచ్చి, "బావా, అక్క అడిగిన ట్యాంకు. డ్రాయింగు నువ్వే గీయాలి" అన్నాడు. ఆయన పెన్సిలు తీసుకుని గీసిచ్చాడు.

షెడ్డులో చెప్పుల చప్పుడైంది.

"నాన్నా, కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. మిగతా మనిషి ఎక్కడ?" అంది కూతురు.

"ఉన్నాడు. మీ మావయ్య వచ్చేదాకా ఇంతే."

ఆమె వంగి చూసి నాలుక కరుచుకుంది. "లాగనా?"

"వద్దమ్మా. లాగితే ట్యాంకు పక్కకి జారుతుంది. నొప్పేం లేదులే."

ఆమె లోపలికెళ్లి టీ తెచ్చింది. గ్లాసులో ప్లాస్టిక్ గొట్టం వేసి, చక్రం పక్కనుంచి చెయ్యి దూర్చి నోటికి అందించింది. పడుకున్న మనిషికి గొట్టం కావాలని ఎవరూ చెప్పకుండానే తోచింది ఆ పిల్లకి. అచ్చం తల్లే.

"ఊరంతా చెప్పుకుంటున్నాడు నాన్నా, అక్క కోరిక తీరుస్తున్నానని. డ్రైవింగు నేర్చుకోడానికి వచ్చినవాళ్లకి క్లచ్చు కంటే ముందు ఈ కథే నేర్పుతున్నాడట."

ఆయన గొట్టం వదిలాడు. "అసలు సంగతి చెప్పనా? మీ అమ్మకి అలాంటి కోరికే లేదు. నన్ను తప్పించడానికి, తను తప్పించుకోడానికి అల్లిన మాట అది."

కూతురు పకపకా నవ్వింది. "అమ్మా? అంత నిజంలా చెప్పేది కదా." నవ్వు ఆగింది. "మావయ్యకి మాత్రం చెప్పకు నాన్నా. అమ్మవి ఆయన దగ్గర మిగిలినవే ఒకటో రెండో మాటలు."

"అయితే నేను వెళ్లాల్సిందేనా?"

"ఏమో నాన్నా. బయట నిలబడ్డదాన్ని కదా, తేలిగ్గా చెప్పేస్తున్నా."

ఆమె వెళ్లాక ఆయన తల వెనక్కి వాల్చాడు. వెనక చక్రాలను కలిపే యాక్సిల్ కనిపించింది. దాని మధ్యలో గుండులాంటి లావుపాటి భాగం, దాని వెనకే ట్యాంకు మూల. మధ్య ఖాళీ బాగానే ఉంది. చూస్తూ ఉండగా ఆయనకు ఒక సంగతి గుర్తొచ్చింది. కొలతలు తీసిన రోజు కూడా బండి ఇలాగే స్టాండ్ల మీదే ఉంది, చక్రాలు వేలాడుతున్నాయి. కిందికి దించితే స్ప్రింగులు నొక్కుకుంటాయి, యాక్సిల్ పైకి లేస్తుంది. గోతిలో పడితే ఇంకా లేస్తుంది. ఆ గుండు నేరుగా ట్యాంకును గుద్దుతుంది. ఉద్యోగమంతా పైపులు గీసిన మనిషి ఆయన. పైపులు గెంతవు. కొలిచేటప్పుడు గెంతే వస్తువు సంగతే తట్టలేదు.

నోరు మూసుకుంటే చాలు. ఇవాళే దించి చూస్తారు, ట్యాంకు పనికిరాదంటారు, ఈ ఏటికి ప్రయాణం ఆగుతుంది. ఆ ఆలోచన చన్నీళ్లలా హాయిగా అనిపించింది. కానీ ఇక్కడ తగలకుండా, మైదానం నడిమధ్య తగిలితే? పెట్రోలంతా ఉప్పులో ఇంకిపోతుంటే, ఆ పక్కన బావమరిది నిలబడి చూస్తున్నట్టు కనిపించింది.

బావమరిది బోల్టులతో వచ్చి, ఆయన ఉన్న స్థితి చూసి తల పట్టుకున్నాడు. జాకీ లేపి ఆయన్ని బయటికి లాగాడు. "ఛాతీ మీద పెట్టుకుని జోకొడుతున్నావేంటి బావా దాన్ని?"

"బోల్టులు వేయకు. కొలత తప్పు. తప్పు నాది" అని ఆయన సంగతంతా చెప్పాడు.

బండి దించారు. బావమరిది వెనక బంపరెక్కి గెంతాడు, ఆయన కింద నుంచి చూశాడు. యాక్సిల్ లేచి ట్యాంకు ఉండబోయే చోటికి వచ్చేసింది. ట్యాంకును నాలుగు వేళ్లు వెనక్కి జరిపితే చాలునని తేలింది. కొత్త రంధ్రాలు వేశారు, పెట్రోలు పోసే రబ్బరు గొట్టం పొడుగుది తెచ్చారు. సాయంత్రానికి ట్యాంకు కూర్చుంది. క్యానుతో పెట్రోలు పోశారు. ఎక్కడా చుక్క కారలేదు.

"పై సోమవారం బయల్దేరదాం" అన్నాడు బావమరిది చేతులు తుడుచుకుంటూ. "నీకు దుమ్ముకి మాస్కు కూడా కొన్నా."

"నేను రానురా."

"రెండు కొన్నా బావా. ఒకటి పాడైనా..."

"మాస్కు గురించి కాదు. నాకు ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు."

బావమరిది గుడ్డను మడిచాడు. మళ్లీ విప్పి మడిచాడు. "ఎప్పుడూ అంటే? అక్క వస్తానంది కదా."

ఆయన ఇంటి కిటికీ వైపు చూశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

"మీ అక్క వస్తానంది. నేనే కదల్లేదు."

"మరి ట్యాంకు?"

"అది నా వంక. తనచేత చెప్పించాను."

"ఇన్నేళ్లూ?"

"ఇన్నేళ్లూ."

"మా అక్క నోరు మూసుకుని ఉండే మనిషి కాదే బావా."

"నా కోసం ఊరుకుంది." ఆ ముక్కలో సగం నిజమే.

ఆయనకు ప్రయాణం తప్పింది. కానీ ఇకమీదట బావమరిది కళ్లకు తను భార్యను గడప దాటనివ్వని మొగుడు. ఆ ముద్ర చెరుపుకోవాలంటే వస్తానన్న ఆమె మాట అబద్ధమని చెప్పాలి. అందుకని దాన్ని ఆయన ఎన్నటికీ చెరుపుకోలేడు.

బావమరిది భోజనానికి ఇంట్లోకి రాలేదు. ఇంజను దగ్గర పనుందన్నాడు. పనేం లేదని ఇద్దరికీ తెలుసు. కూతురు కంచం అక్కడికే పట్టుకెళ్లింది. ఖాళీ కంచం తిరిగొచ్చింది. ఆ ఖాళీ కంచం చూసి ఆయన ప్రాణం కాస్త కుదుటపడింది.

చీకటి పడుతుంటే షెడ్డుకి వెళ్లాడు. బావమరిది డ్రైవరు సీట్లో వెనక్కి వాలి ఉన్నాడు.

"ఒక్కడివే వెళ్తావా?"

"వెళ్తా. అక్క చూడాలనుకున్న చోటు ఒకరైనా చూడాలి కదా."

"వచ్చాక ఎలా ఉందో చెప్పు."

"చెప్తే వింటావా?"

"వింటాను."

బావమరిది ముఖం అటు తిప్పుకున్నాడు. ఆయన బయటికి వచ్చి, షెడ్డు తలుపు చప్పుడు కాకుండా చేత్తో కాస్త పైకెత్తి పట్టుకుని, మెల్లగా మూశాడు.