పదిలో పది పాళ్ళ మంచు

ఈ ఓడలో హిమానీనదాన్ని చూడడానికి వచ్చినవాళ్ళు తొమ్మిది వందల మంది. సుభాషిణి టీచరు భర్త చివరి ఊపిరిని ఇంటికి తీసుకువెళ్ళడానికి వచ్చింది.

మార్చిలో ఆయన పోయినప్పుడు ఆమె పక్కన లేదు. పదో తరగతి పరీక్షలు జరుగుతున్నాయి, మూడో గదిలో ఆమెకు డ్యూటీ. ఆసుపత్రికి చేరేసరికి దుప్పటి ముఖం దాకా కప్పి ఉంది.

"వెళ్ళేముందు ఏదో అన్నారమ్మా," అంది నర్సు. "ఆఖరి ఊపిరితో కలిపి అన్నారు. నాకు అందలేదు. ఊపిరైతే ఉత్తరానికి వెళ్ళిపోయింది. అక్కడ మంచులో ఉంచుతారు."

చీటీ మీద దారి కూడా రాసిచ్చింది. అలాస్కా. కొండల మధ్య సన్నటి సముద్రపు పాయ. పాయ చివర హిమానీనదం. ఎడమ పక్క, నీలం ముదురుగా ఉన్నచోట.

టీచరుకి ఇందులో వింతేమీ కనిపించదు. కురిసిన మంచు గట్టిపడేటప్పుడు తనలో గాలిని ఇరికించుకుంటుందని, వందల ఏళ్ళు దాన్ని విడవదని ఆయనే తరగతిలో చెప్పేవారు. గాలిని దాచేది ఊపిరిని దాచలేదా? ఆమె బడి ప్రయోగశాల నుంచి ఒక వాయుజాడీ సంతకం పెట్టి తీసుకుంది. దాని గాజు మూత అంచుకి వేసలీను రాస్తే లోపలి గాలి బయటికి పోదు. జూన్ పన్నెండున బళ్ళు తెరుస్తారు. ఆలోగా జాడీ తిరిగి ఇచ్చెయ్యాలి.

నాలుగో రోజు ఉదయం ఓడ పాయలోకి మలుపు తిరిగి ఆగిపోతుంది. గోడలోని స్పీకరు గొంతు సవరించుకుంటుంది.

"ప్రయాణికులకు మనవి. పాయ నీళ్ళ మీద మంచు పదిలో ఆరు పాళ్ళు పరుచుకుని ఉంది. హిమానీనదం ఐదు మైళ్ళ దూరంలో ఉంది. అంతకంటే దగ్గరికి వెళ్ళలేం. దయచేసి ఇక్కడినుంచే చూసుకోండి."

వెళ్ళలేని ఆ ఐదు మైళ్ళూ ఓడలోకి వచ్చి గదుల మధ్య నడవాలో పడుకుంటాయి. గది నుంచి డెక్కు మీదికి నడవడానికి టీచరుకి గంటా నలభై నిమిషాలు పడుతుంది. దారిలో తలుపుల నంబర్లు పదమూడు వేలు దాటుతాయి. జాడీని కొంగులో చుట్టుకుని, గోడవార అడుగులేస్తూ, ఆమె తొందర లేకుండా నడుస్తుంది.

డెక్కు మీద జనం కటకటాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పాయ నిండా మంచు పలకలు. కొన్ని తెల్లగా, కొన్ని సబ్బు నీళ్ళలా మసగ్గా, కొన్ని లోపల దీపం ఉన్నట్టు నీలంగా. దూరాన కొండల సందులో హిమానీనదం, ఆరేసిన పంచె అంత.

"అదేనా? ఇంత దూరం వచ్చింది దీనికా?" అంటోంది ప్రసూనాంబ అనే గుడివాడ ఆవిడ, పక్కనున్న భర్తతో. "మంచు చూడ్డానికి వస్తే మంచు అడ్డమంట. మీరు వెళ్ళి ఆ కెప్టెన్ని అడగండి."

"అడిగితే తీసేస్తాడా?"

"అడగందే ఎట్లా తీస్తాడు?"

ఓడ ముక్కు దగ్గర ఒకాయన దూరదర్శిని లేకుండా, అరచెయ్యి నుదుటికి అడ్డుపెట్టుకుని నీళ్ళను చూస్తున్నాడు. మంచు ఎన్ని పాళ్ళు ఉందో కెప్టెన్‌కి చెప్పే ఉద్యోగం అతనిది. పేరు మైలపల్లి దానయ్య, సోంపేట వైపు మనిషి. ఓడలన్నిటిలోనూ ఆ వైపు వాళ్ళు ఉంటారు కాబట్టి టీచరు ఆశ్చర్యపోదు.

"దానయ్యా, ఎప్పటికి తొలుగుతుంది బాబూ ఈ మంచు?"

"తొలగదమ్మా. మీది ఏ ఊరు?"

"టెక్కలి."

"అలగైతే ఉన్నమాట సెప్తాను. ఈ యేడు గ్లేసియరు బాగున్నాది. బాగుంటే తెగ ఇరుగుతాది. ఇరిగితే మంచంతా ఈ పాయలోకి వొచ్చీసి ఓడని ఆపీస్తాది. గ్లేసియరు బాగుంటే కనబడదు. దగ్గిరికెల్లి సూసీసినారంటే దానికి ఒంట్లో బాగోనట్టు."

టీచరు ఆ మాటను మనసులో ఒకసారి చదువుకుంటుంది. తప్పులేమీ లేవు.

"నేను చూడ్డానికి రాలేదు. మా ఇంట్లో ఆయన ఊపిరి ఉంది అక్కడ. ఎడమ పక్క, నీలం ముదురుగా ఉన్నచోట."

దానయ్య చీటీ తీసుకుని చదివి తిరిగి ఇస్తాడు. "ఎప్పుడు పోనారు?"

"మార్చి ఇరవై ఒకటి."

"మరి ఎడం పక్కది మొన్న మంగళవారం ఇరిగిపోనాది కదమ్మా. మీరు అక్కడికెల్లడం ఎందుకు? ఆయనే ఇటొచ్చీసుంటారు, ఈట్లలోనే." చేత్తో పాయ మొత్తం చూపిస్తాడు. "పిలిసీండి. ఎవుల ఊపిరి ఆలకి పలుకుతాది. నీటిమీద ఉన్నంతసేపే. కరిగిపోతే మరి నేదు."

టీచరు జాడీ మూత బిగుతు చూసుకుంటుంది. కటకటాల దగ్గరికి వెళ్ళి, ముప్ఫై నాలుగేళ్ళుగా పిలిచినట్టే పిలుస్తుంది.

"ఏవండీ!"

ముందు డెక్కు మీద ఉన్న మగవాళ్ళు తిరుగుతారు. "ఏంటే?" అంటాడు ప్రసూనాంబ భర్త. "నేను కాదు, ఆవిడ," అంటుంది ప్రసూనాంబ.

తర్వాత పాయలోని మంచు తిరుగుతుంది. దగ్గరి పలక ఒకటి, దాని వెనక పది, వాటి వెనక కొండ మలుపు దాకా ఉన్నవన్నీ. పెద్దవి నెమ్మదిగా, వయసు మళ్ళినవాళ్ళు కుర్చీలోంచి లేచినట్టు తిరుగుతాయి. చిన్నవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అన్నీ ఓడ వైపు బయలుదేరుతాయి. ప్రతి ఒక్కటీ తననే అనుకుంటోంది.

"ఏటి సేసీనారమ్మా!" దానయ్య నెత్తిన చెయ్యి పెట్టుకుంటాడు. "ఊరందరి మొగుళ్ళనీ పిలిసీనారు!"

మంచు ఓడ పక్కలకు వచ్చి ఆనుకుంటుంది. ఇనుము మూలుగుతుంది. ఖాళీ నీళ్ళు కనిపించే చోటు లేదు. దానయ్య కెప్టెన్‌తో మాట్లాడే గొట్టంలోకి వంగి, "పదిలో పది," అని చెప్తాడు. స్పీకరు మళ్ళీ గొంతు సవరించుకుంటుంది. "మంచు పదిలో పది. వెనుక వైపు మాత్రమే దారి ఉంది. పావుగంటలో ఓడను వెనక్కి మళ్ళిస్తున్నాం."

"పేరు పెట్టి పిలవండమ్మా," అంటాడు దానయ్య. "మరేటి దారి నేదు."

టీచరు సంచిలోంచి రాసే పలక తీసి, సుద్దతో భర్త పేరు రాస్తుంది. గుండ్రంగా, ఒత్తులు సరిగ్గా పడేలా రాసి, కటకటాల పైనుంచి మంచుకి చూపిస్తుంది. ఏదీ కదలదు.

"మంచుకి సదువు రాదమ్మా."

"అయితే నువ్వు పిలువు, బాబూ. పేరు ఇదే."

"నేను పిలిస్తే నాకాడికొస్తారు. ఆయన్ని నేనేటి సేసుకుంటాను?"

అదీ నిజమే. టీచరు నోరు తెరుస్తుంది. ఏమీ రాదు.

ఆమె ఆ పేరును ఎన్నడూ పలకలేదు. ఇద్దరూ ఒకే బడిలో పనిచేశారు. స్టాఫ్‌రూములో ఆయన సోషల్ మాస్టారు, ఇంట్లో ఏవండీ. దరఖాస్తుల్లో రాసింది, రాతకి అభ్యంతరం లేదు. బడికి అదే పేరున్న అటెండరు ఒకాయన వచ్చాడు. పదకొండేళ్ళు ఆమె అతన్ని కేకెయ్యలేక, చాక్‌పీసులు కావాలన్నా డస్టరు కావాలన్నా తరగతి వదిలి తనే ఆఫీసుకి నడిచేది. టీచరుగారికి తనమీద కోపమేమో అని ఆ అటెండరు చివరిదాకా అనుకున్నాడు.

పేరు చెబితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మమ్మ అనేది. ఇప్పుడు తగ్గడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. అది టీచరుకి తెలుసు. నోటికి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు. పేరు పలికితే నోటికి కూడా తెలిసిపోతుంది. తెలియకుండా ఉన్నది ఒంట్లో ఆ ఒక్క చోటే.

ఇంజను వెనక్కి తిరగడానికి సిద్ధమవుతూ గుర్రుమంటుంది. ప్రసూనాంబ దగ్గరికొచ్చి టీచరు మోచెయ్యి పట్టుకుంటుంది. "పిలవండి, ఫర్వాలేదు. మేమెవరం వినం. ఏవండీ, మీరు చెవులు మూసుకోండి." ఆయన మూసుకుంటాడు. డెక్కు మీద ఉన్న తొమ్మిది వందల మందీ చెవులు మూసుకుంటారు.

టీచరు వీపు నిటారు చేస్తుంది. కళ్ళు మూసుకుంటే హాజరు పట్టీ కనిపిస్తుంది. దాన్ని చూసి పిలవడం ఆమెకి వచ్చు.

"పొన్నాడ సోమలింగం!"

గొంతు కొండకి తగిలి తిరిగి వస్తుంది. మంచు ఆగుతుంది. పేరు తమది కాదని తెలిసిన పలకలు కొంచెం సిగ్గుపడి, ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ వెనక్కి జరుగుతాయి. ఓడ ముందు నీళ్ళు నల్లగా, తిన్నగా విచ్చుకుంటాయి. దూరాన హిమానీనదం కాళ్ళ దాకా కనిపిస్తుంది. చెవులు మూసుకున్న జనం అటు చూడరు, వాళ్ళు టీచరు ముఖం చూస్తున్నారు.

ఆ నల్లటి దారి వెంట ఒక పలక వస్తుంది. రెండు బెంచీలు కలిపినంత ఉంటుంది, ముదురు నీలం. దాని మీద ఒక సీల్ పడుకుని ఉంది. పొట్టకి ఆనించుకుని దాని పిల్ల, పుట్టి పూట కూడా కాలేదు. బొడ్డుతాడు ఇంకా తడిగా ఉంది.

దానయ్య కొక్కెం కర్ర తీసి, మళ్ళీ దించుతాడు. "అదిగో, ఆయనే. లాగీమంటే లాగీగలను. లాగితే పిల్ల నీట్లో పడిపోతాది. ఈ సలికి దానికింకా కొవ్వు పట్టనేదు." కర్రని కటకటాలకి ఆనిస్తాడు. "ఇక్కడ రూలైతే, పిల్లలున్న మంచు జోలికి ఎల్లకూడదు. అయినా మీరు టెక్కలి నుంచి వొచ్చినారు. మీ ఇష్టం."

టీచరు మంచు పలకను చూస్తుంది. అంచుల దగ్గర కరుగుతోంది. ఇవాళో రేపో మొత్తం కరిగిపోతుంది. జాడీ చేతిలో సిద్ధంగా ఉంది. ఒక్క ముక్క చాలు.

బస్సులో ఆయన తోసుకుంటూ ఎక్కి, కిటికీ పక్క సీటు పట్టేవారు. పట్టిన ప్రతిసారీ టిక్కెట్టు కొట్టేలోపు ఎవరో చంటిపిల్లతో వస్తే లేచి ఇచ్చేసేవారు. ఆమె విసుక్కునేది. ఆ మాత్రానికి పట్టడం ఎందుకండీ, అనేది. పట్టకపోతే ఇవ్వడానికి ఉండదు కదా, అనేవారు.

"వద్దులే, దానయ్యా," అంటుంది టీచరు. "కూర్చున్నవాళ్ళని లేపకూడదు."

ఆమె డెక్కు చెక్కల మీద బోర్లా పడుకుని, కటకటాల సందులోంచి తల బయటికి పెడుతుంది. పలక ఓడను ఆనుకుని ఆగుతుంది. కరుగుతున్న మంచులో గాలి బుడగలు చిట్లుతున్నాయి, పోపులో ఆవాలలా. మొదటిది చిట్లితే పాత వానల వాసన వస్తుంది. రెండోది ఎవరో ఏనాడో ఆవలించిన ఆవలింత. మూడోది లవంగం వాసన. దానిలోంచి ఆయన గొంతు, మెల్లగా, కంగారు లేకుండా అడుగుతుంది:

"బెల్లు కొట్టేశారా?"

అంతే. ఇంకో మాట లేదు. నర్సుకి అందనిది ఇది.

టీచరు ఆసుపత్రి కాగితంలో రాసిన సమయం గుర్తు చేసుకుంటుంది. పన్నెండూ ఇరవై. పరీక్ష పన్నెండూ నలభై ఐదుకి అవుతుంది. ఆయన మంచం మీద నుంచి గోడ గడియారాన్ని చూస్తూ ఉన్నారు. ఆమె ఎప్పుడు లేచి రాగలదో లెక్కవేస్తూ ఉన్నారు. తప్పు చెప్పడం ఆమెకి చేతకాదు.

"లేదండీ," అంటుంది. "ఇంకా ఇరవై ఐదు నిమిషాలుంది."

నీళ్ళు కదలవు. పిల్ల సీల్ ఒకసారి ముడుచుకుంటుంది.

"మీరు పదండి. నేను పేపర్లు కట్ట కట్టి ఇచ్చేసి వస్తాను."

పలక సరేనన్నట్టు ఓడను మెత్తగా ఒకసారి తాకి, తల్లినీ పిల్లనీ మోసుకుంటూ సముద్రం వైపు సాగిపోతుంది. టీచరు లేవదు. మొదట భుజాలు, తర్వాత వీపు కదులుతాయి. చప్పుడు రాదు. ప్రసూనాంబ చెవులమీద నుంచి చేతులు తీసి, పక్కన చతికిలబడి, ఆమె జుట్టు సవరిస్తూ ఉంటుంది.

ఓడ మళ్ళుతుంది. టీచరు లేచి కూర్చున్నప్పుడు, తను అరిచిన చోట, చెక్కల మీద ఏదో మెరుస్తోంది. ఆమె పలికిన పేరు గాలిలో కలిసిపోలేదు. కింద పడి గడ్డ కట్టింది, అరచేతిలో పట్టేంత. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది.

ఎండకి ఎత్తి చూస్తుంది. గడ్డ లోపల కొండలున్నాయి. కొండల మధ్య సన్నటి పాయ, పాయ నిండా ఆవగింజల్లాంటి మంచు పలకలు, వాటి మధ్య చిక్కుకున్న ఒక ఓడ. ఓడ ముక్కు దగ్గర, మెడకి మఫ్లరు చుట్టుకుని, ఆయన నిలబడి ఉన్నారు. ఈ గడ్డ గోడ వైపే చూస్తున్నారు. రెండు చేతులూ నోటికి దోసిలిపట్టి పిలుస్తారు.

"ఇదిగో!"

ముప్ఫై నాలుగేళ్ళూ ఆయన ఆమెను పిలిచింది అంతే. ఆ పాయలోని మంచు మొత్తం, పదిలో పదీ, ఆయన వైపు తిరుగుతుంది.

ఆయన చేతులు దించుతారు. కొంచెంసేపు తల వంచుకుని నిలబడతారు. మఫ్లరు వదులు చేసుకుని, గొంతు సవరించుకుని, తల ఎత్తుతారు. టీచరు గడ్డ కరగకుండా తన ఊపిరి బిగబడుతుంది. ఆయన పెదవులు ముందుకు సున్నాలా వస్తాయి, ఆమె పేరులోని మొదటి అక్షరం కోసం.

లోపల మంచు పదిలో తొమ్మిది అవుతుంది.