గిటార్: హరికిషన్

ఫోన్‌లో ఆల్బమ్ బొమ్మ కింద "గిటార్: హరికిషన్" అని ఉంది. ఆ పేరు తన భర్తదే. వాయించింది మాత్రం ఆయనేనని కల్పలతకు నమ్మకం కుదరలేదు.

హరికిషన్ పోయిన కొన్ని నెలలకు, అతనితో కలిసి బ్యాండ్ నడిపిన దేవసహాయం దాన్ని బయటపెట్టాడు. గొంతు ఎక్కడా వినిపించదు, అంతా గిటారే. కాసేపు బ్లూస్‌లో మూలుగుతుంది, అంతలోనే ఫంక్ తాళానికి తుళ్లుతుంది, ఉన్నట్టుండి రాక్‌లోకి దూకి గోడలు దద్దరిల్లేలా అరుస్తుంది. అల్వాల్‌లోని ఫ్లాట్‌లో కూర్చుని ఆమె మళ్లీ మళ్లీ వింది. వినేకొద్దీ అనుమానం గట్టిపడింది. హరికిషన్ రైల్వే ఆఫీసులో పనిచేసేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే నోరు తెరిచి అడిగేవాడు కాదు, డబ్బా వైపు చూసేవాడు. అలాంటి మనిషి ఇలా వెక్కిరిస్తూ, బతిమాలుతూ, పోట్లాడుతూ వాయిస్తాడా?

ఎనిమిదో తరగతి పేపర్లు దిద్ది దిద్ది, ఎవరు ఎవరిది చూసి రాశారో ఇట్టే పట్టేయడం ఆమెకు అలవాటైంది. కర్మకాండలు ముగిసీ ముగియక ముందే దేవసహాయం వచ్చి, తీగలు మార్చి ఇస్తానని హరికిషన్ గిటార్ పట్టుకుపోయాడు. తిరిగి ఇవ్వలేదు. తర్వాత ఈ ఆల్బమ్ వచ్చింది. 'ఆఖరి ఆల్బమ్' అంటూ అందరూ అయ్యో అన్నారు. తానే వాయించుకుని, పోయిన స్నేహితుడి పేరు తగిలించాడేమో. జాలికి గిరాకీ ఎక్కువ. అదే నిజమైతే ఆ పేరు తీయించి తీరాలనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆటో ఎక్కి సైనిక్‌పురిలోని అతని ఇంటికి వెళ్లింది. మేడ మీది గదే అతని స్టూడియో. చర్చి నుంచి వచ్చిన అతను ఇంకా తెల్లచొక్కా మార్చుకోలేదు.

"రా వదినా, రా. ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గదా."

"దేవసహాయం గారూ, మిమ్మల్ని ఒక మాట అడగాలి."

కోపం వస్తే ఆమె మాట బడిలో మాట అయిపోతుంది. అతనికది తెలుసు.

"గారా? నేనేం తప్పు చేసిన వదినా?"

"అది తెలుసుకుందామనే వచ్చాను."

టీ తెచ్చిన అతని భార్య ప్రిసిల్లా గుమ్మంలోనే ఆగింది. "ఈయన మీద నాకు పెండ్లైన కాన్నుంచి డౌటే అక్కా. జెర గట్టిగ అడుగుండ్రి."

కల్పలత నవ్వలేదు. ప్రిసిల్లా కప్పులు బల్ల మీద పెట్టి కిందికి వెళ్లిపోయింది.

"ఆల్బమ్‌లో గిటార్ వాయించింది ఎవరు?"

"హరి."

"మీరు కాదూ?"

"నేను బేస్ గిటార్ వాయిస్త. గట్ల వాయించుడొస్తే నా బతుకే వేరే ఉంటుండె."

"మరి ఆయన గిటార్ ఏది? తీగలు మారుస్తానన్నారు."

అతను చూపు తిప్పుకున్నాడు. దొరికాడనుకుంది.

"మార్చలె వదినా," అన్నాడు. "పాత తీగలు తియ్యబుద్ధి కాలె. వాని చేతి మురికి సుత గట్లనే ఉన్నది. మార్చకుంట నీకెట్ల ఇయ్యాల్నో తెల్వలె."

బాగున్న జవాబు. బాగున్న జవాబులను ఆమె రెండోసారి చదువుతుంది.

"ఆయన వాయిస్తే నాకు తెలియదా? పక్కగదిలోంచి రోజూ విన్నాను. ఇది ఆయన చప్పుడు కాదు."

"రోజూ ఏం విన్నవ్?"

"పొడిగా, చిన్నగా ఉండేది. గోటితో దువ్వెన మీటినట్టు. కింది ఫ్లాట్ వాళ్లు గొడవ చేస్తారని ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకునేవారు."

"మా షోకు ఒక్కసారన్న వచ్చినవా?"

"నాకు పొద్దున్నే బడి."

దేవసహాయం కుర్చీలో వెనక్కి వాలాడు. "అయ్యో వదినా. నువ్వు విన్నది ఉత్త తీగలు. కరెంటు గిటార్ గొంతు యాంప్‌ల ఉంటది, గా స్పీకర్ డబ్బల. ఇంట్ల అది హెడ్‌ఫోన్లకెల్లి వాని చెవులకే పోయింది, నీ దాంక రాలె."

ఆమెకు మండింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని తాను విననే లేదని ఇతను చెబుతున్నాడు.

"మాటలు వద్దు. చూపించండి."

అతను కంప్యూటర్ ముందుకు జరిగాడు. "మేం గీ గదిల కూసుండి వాయిస్తం, యాంప్ ఆ గదిల ఉంటది. మాట్లాడుకోనీకి నడుమ ఒక మైక్ పెడ్తం. అండ్ల పడ్డదంతా తర్వాత పారేస్తం. హరిది పారెయ్యలె."

మిగతావన్నీ ఆపి ఆ మైక్‌లో పడ్డదొక్కటే పెట్టాడు.

కుర్చీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. ఆ వెంటనే పొడిగా, చిన్నగా తీగలు పలికాయి. తీగ సాగదీసే ముందల్లా గోరు చెక్కకు తగిలి టక్కుమంటోంది. కల్పలత చేతిలో కప్పు అక్కడే ఆగిపోయింది. ఎన్ని కట్టల పేపర్లు దిద్దిందో ఆ టక్కుల మధ్య.

"ఇగ యాంప్‌ది కలుపుతున్న," అన్నాడు నెమ్మదిగా.

పొడి చప్పుడు వెనక నుంచి ఆ పెద్ద గొంతు లేచింది. ఇక్కడ తీగ మీటితే అక్కడ వెక్కిరింపు, ఇక్కడ గోరు తగిలితే అక్కడ బతిమాలడం. రెండింటి మధ్య వెంట్రుకంత ఎడం లేదు. ఎక్కడైనా తప్పిపోతుందేమోనని ఆమె చివరిదాకా కాచుకుంది. తప్పలేదు.

ఆమె ముఖం చూసి అతను చెయ్యి చాపాడు. "తగ్గియ్యనా వదినా?"

"వద్దు. మళ్ల పెట్టు." కప్పు కింద పెట్టింది. "ఏది తిప్పాలె?"

అతను చూపించాడు. ఆమె తిప్పింది. కిటికీ అద్దాలు అదిరాయి.

"ఎవరయ్యా గంత సౌండ్ పెట్టింది?" కింద నుంచి ప్రిసిల్లా కేకేసింది.

"వదిన!"

కల్పలత ఇంకొంచెం తిప్పింది.